ఆపినా ఆగని కంప్యూటర్

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఒకప్పుడు ఈ మాట అడిగినవారికీ అడగనివారికీ చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పడానికి కారణం వేరు. ఆ డిగ్రీ నన్ను ఏ కుర్చీ దాకా తీసుకువెళ్ళిందో, ఆ కుర్చీ నాకు ఎలా కాకుండా పోయిందో చెప్పాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలి.

సబ్బవరం దాటిన తరువాత మాకున్న కొద్దిపాటి మెట్టలో మా నాన్న వంకాయలు, ఆనపకాయలు పండించి సంతలో అమ్మేవారు. నేను బి.కాం. పూర్తిచేసి, విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు చదివి, రేవుకు వెళ్ళే దారిలో ఒక క్లియరింగ్ ఏజెంటు కార్యాలయంలో ఆపరేటరుగా చేరాను. ఓడల్లో వచ్చే సరుకుకు కస్టమ్స్ కాగితాలు సిద్ధంచేసి, ఆ సరుకును రేవు గేటు దాటించడం వారి వ్యాపారం. ఏడాదిపాటు పని చూస్తామనీ, నచ్చితే పర్మనెంటు చేసి అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇస్తామనీ యజమాని చేరిననాడే చెప్పారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నా ఈడువాళ్ళు చాలామంది ఉక్కు కర్మాగారం గేటు దగ్గర కాంట్రాక్టు కూలికి నిలబడుతున్నారు. ఆ ఆర్డరు చేతికి వస్తే మా ఇంట్లో నెల జీతం తెచ్చే మొదటి మనిషిని కూడా నేనే అవుతాను.

మా నాన్న అయితే అది వచ్చేసినట్టే మాట్లాడేవారు. సంతలో కాటా పట్టుకుని కూడా "మావోడు కంప్యూటర్ కాడ సేత్తన్నాడు" అని చెబుతున్నారని మా అమ్మ నవ్వేది. కోత కోసినప్పుడల్లా లేత వంకాయలు ఏరి, ఒక గోనెసంచిలో వేసి నా చేతికిచ్చేవారు.

"అయ్యగారింటికిచ్చి రా. సంచి మాత్రం తెచ్చీ. మంచి సంచి అది."

యజమానిది గోదావరి జిల్లా. ఆయన తండ్రి కాలంలో రేవు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. మనిషి మర్యాదస్థుడు. వంకాయలు అందుకున్నప్పుడల్లా "మీ నాన్నగారిని అడిగానని చెప్పవయ్యా" అనేవారు. కార్యాలయంలో మేనేజరు ఆయన బావమరిది, అంటే మేము అమ్మగారని పిలిచే ఆయన భార్యకు తమ్ముడు. నాకు కంప్యూటర్ వచ్చు, ఆయనకు రాదు. మా మధ్య ఉన్న ఇబ్బందికి అంతకుమించిన కారణం నేను ఎన్నడూ కనుక్కోలేకపోయాను. ఆయన నన్ను పేరుతో కాక "గ్రాడ్యుయేటు గారూ" అని పిలిచేవారు. అందులో ఉన్న "గారు" మర్యాదకు కాదని అక్కడున్నవారందరికీ తెలుసు.

కార్యాలయం ఒక మేడమీది రెండు గదులు. బొగ్గూ ఇనుపఖనిజమూ వేసుకుని లారీలు కింద పోతుంటే కిటికీ అద్దాలు జిర్రుమనేవి. ఎంత తుడిచినా కిటికీ గట్టుమీద నల్లటి పొడి పేరుకునేది. ఆ పొడికి భయపడి కంప్యూటర్ ఉన్న గదికి ఏసీ పెట్టించారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. వడ్రంగి చేత ప్రత్యేకంగా బల్ల చేయించి, వెనకవైపు చెక్కతో మూసి, గోడకు ఆనించి బిగించారు. ఫ్యాక్సు మిషను, కంప్యూటర్ రెండూ ఆ బల్ల వెనకున్న ఒకే బోర్డునుంచి నడిచేవి. బొంబాయినుంచి, సింగపూర్‌నుంచి ఏ వేళనైనా ఫ్యాక్సు రావచ్చు కనుక ఆ బోర్డు స్విచ్చిని ఎవరూ ముట్టుకోరాదన్నది యజమాని నియమం.

ఆ సంవత్సరం విజయదశమి ఆ కంప్యూటర్‌కు మొదటి ఆయుధపూజ. టైపు మిషనుకు, ఫ్యాక్సుకు, ముద్రలకు, కిందనున్న స్కూటరుకు అమ్మగారు వరుసగా బొట్లు పెడుతూ వచ్చి కంప్యూటర్ ముందు ఆగిపోయారు. "దీనికి మొహం ఎక్కడ?" అని అడిగారు. మేనేజరు తెర చూపించారు. అద్దంమీద గంధం నిలవదని అమ్మగారు ఒప్పుకోలేదు. యజమాని కొంచెం ఆలోచించి కేబినెట్ మీది పవర్ బటన్ చూపించారు.

"అది నొక్కితేనే కదా ప్రాణం వచ్చేది. అక్కడే పెట్టు."

ఆయన మాట అందరికీ బాగా నచ్చింది. అమ్మగారు గంధం చిక్కగా కలిపి, ఉంగరపు వేలితో బటన్ నడిమధ్య అద్ది, దానిమీద కుంకుమ పెట్టారు. గంధం కాస్త ఎక్కువై, బటన్ చుట్టూ ఉన్న సందులోకి దిగింది. అది అప్పుడు ఎవరికీ పట్టలేదు. అందరితోపాటు నేనూ దండం పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో వేరే చెప్పనక్కరలేదు. పూజలో పెట్టిన బొట్లు వాటంతటవి రాలిపోవలసిందే తప్ప ఎవరూ తుడవకూడదన్నది ఆ ఇంటి ఆచారం. గది ఊడ్చే ఆవిడ కూడా వాటిని తప్పించి దుమ్ము దులిపేది.

దసరా వెళ్ళి వానలు పట్టాయి. ఒక ఉదయం కార్యాలయం తెరిచేసరికి ముసుగు కింద కంప్యూటర్ గుర్రుమంటూ ఉంది. కేబినెట్ వేడెక్కి ఉంది. ముందురోజు ఆపడం మరిచానేమో అనుకున్నాను. ఆ సాయంత్రం పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసి, తెర నల్లబడి, ఫ్యాను చప్పుడు ఆగేదాకా నిలబడి చూసి, ముసుగు వేసి, తాళం పెట్టి వెళ్ళాను. మరునాడు మళ్ళీ అదే గుర్రు. తెరమీద పాస్‌వర్డ్ అడిగే పెట్టె వెలుగుతోంది.

నేను చేయగలిగినదంతా చేశాను. వైరస్ అనుకుని ఫ్లాపీలతో వెతికాను. విండోస్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. ఫోను మోగితే కంప్యూటర్ దానంతటది లేచే ఏర్పాటు ఒకటి ఉంటుందని కోర్సులో చెప్పిన సంగతి గుర్తొచ్చి, ఆ ఏర్పాటును రద్దుచేశాను. అదీ చాలక ఫోను తీగనే ఊడదీశాను. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు లేవకుండా సెట్టింగు మార్చాను. ద్వారకానగర్ దుకాణంనుంచి వచ్చిన ఇంజనీరు, యజమాని అనుమతితో ఆ ఒక్కసారికి బల్ల బిగింపు విప్పి, కేబినెట్‌ను తీసుకుపోయి, లోపలి పవర్ సప్లై మార్చి, తమ దుకాణంలో అది చక్కగా ఆగుతోందని చెప్పి తెచ్చిపెట్టాడు. మా గదిలో పెట్టిన మర్నాటికే పాత రోగం తిరగబెట్టింది. ప్రతి సాయంత్రం ప్లగ్గు తీసేయడానికి అనుమతి ఇమ్మని అడిగాను. ప్లగ్గు తీయాలంటే బల్ల కదపాలి, బల్ల కదిపితే ఫ్యాక్సు ఆగుతుంది. పైగా మేనేజరు అక్కడే ఉన్నారు.

"ప్లగ్గు పీకడానికైతే గ్రాడ్యుయేటు ఎందుకు బావగారూ, ఊడ్చే ఆవిడ చాలదూ?"

ఇంతలో మాకు ఎప్పుడూ వచ్చే ఒక పెద్ద సరుకు వేరే ఏజెంటుకు పోయింది. మేము ఎంతకు చేస్తామో వాళ్ళకు ముందే తెలిసినట్టుందని యజమాని ఒకసారి పైకే అన్నారు. మేనేజరు ఆ మాటను పట్టుకున్నారు. మన రేట్లన్నీ ఉన్నది కంప్యూటర్‌లో. అది రోజూ కార్యాలయం మూసిన తరువాత ఎవరో వాడినట్టు వేడిగా ఉంటోంది. తాళంచెవులు రెండే: ఒకటి యజమాని దగ్గర, ఒకటి ఉదయమే తెరవాలి కనుక నా దగ్గర. ఇక మిగిలినది ఎవరైనా కూడుకోగలరు.

యజమాని గదిలో నన్ను నిలబెట్టి అడిగారు. నేను క్రమంగా చెప్పాలని చాలా ప్రయత్నించాను. ఎవరైనా వచ్చి వాడితే పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళి ఉండాలి, కాని ప్రతి ఉదయం పాస్‌వర్డ్ పెట్టె అలాగే ఉంటోంది కనుక ఎవరూ వాడలేదని మనవి చేశాను. మేనేజరు నవ్వారు. పని ముగించి, మళ్ళీ ఆపి, మళ్ళీ వేసి, పెట్టె అలా వదిలివెళ్ళే తెలివి చదువుకున్నవాడికి కాక ఎవరికి ఉంటుందన్నారు. ఆ కార్యాలయంలో చేరిన నాటినుంచి నా నోట మా ఊరి మాట దొర్లకుండా ఎంతో జాగ్రత్త పడ్డాను. ఆ క్షణంలో ఆ జాగ్రత్త జారిపోయింది.

"నాను రాలేదండి. తాళమేసి తిన్నగా బస్సెక్కీసినానండి."

"చూశారా బావగారూ, భయం పుట్టగానే అసలు భాష బయటపడింది" అన్నారు మేనేజరు.

యజమాని నవ్వలేదు. కోప్పడనూ లేదు. ముందున్న కాగితాలు సర్దుకుంటూ, శనివారం దాకా చూద్దామనీ, ఈలోగా కారణం కనిపెట్టి చెప్పమనీ అన్నారు. నా ఏడాది ముగియడానికి అప్పటికి ఎంతో కాలం లేదు.

శనివారం ఒంటిపూట. అందరూ వెళ్ళిపోయారు. యజమాని, అమ్మగారు, మేనేజరు ముగ్గురూ ఏదో పెళ్ళికి వెళుతూ దారిలో కార్యాలయానికి వస్తామన్నారు. నేను కంప్యూటర్ ఆపి, ఏసీ కూడా ఆపి, కిటికీ తెరిచి దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అంతవరకు నేను దానిలోపల మాత్రమే వెతికాను. ఊరికే ఎదురుగా కూర్చుని చూడాలని తోచలేదు. సముద్రంమీదినుంచి వానగాలి వస్తోంది. గదిలో కాగితాలు మెత్తబడ్డాయి. బొగ్గు లారీలు వరుసగా పోతున్నాయి. వాటిలో ఒకటి గోతిలో పడి లేచింది. అద్దాలు జిర్రుమన్నాయి. బల్ల సన్నగా వణికింది. టిక్కుమని చిన్న చప్పుడైంది. నా కళ్ళెదుట, ఎవరి చెయ్యీ తగలకుండా, కేబినెట్ మీద పచ్చదీపం వెలిగి ఫ్యాను తిరగసాగింది.

వెళ్ళి బటన్ మీద వేలు పెట్టాను. అది సగం లోపలికి దిగి ఉంది. నొక్కితే వెంటనే పైకి రాలేదు, జిగురులో కూరుకున్నట్టు నెమ్మదిగా వచ్చింది. వేలు తీసి చూస్తే ఎర్రగా ఉంది. సంగతంతా అప్పుడు ఒక్కసారిగా అర్థమైంది. పగలు ఏసీ గాలికి గంధం ఎండి బిగుసుకుని బటన్‌ను కదలనీయదు. సాయంత్రం ఏసీ ఆగి సముద్రపు తేమ తగలగానే అది మెత్తబడి ఉబ్బి, బటన్‌ను సగానికి లాగి పట్టుకుంటుంది. లారీ పోయినప్పుడు బల్ల వణికితే ఆ మిగిలిన వెంట్రుకవాసి దూరం కూడా దిగి, లోపలి స్విచ్చిని తాకి విడుస్తుంది. అంతే, కంప్యూటర్ లేస్తుంది. దుకాణంలో ఆగి ఇక్కడ ఆగకపోవడానికి కారణం అదే. అక్కడ రేవు లారీలు లేవు.

ప్రథమ చికిత్స డబ్బాలోంచి స్పిరిట్, దూది తీశాను. గుండుసూదితో సందులోని గంధాన్ని కొద్దికొద్దిగా తవ్వి, దూదితో తుడిచాను. బటన్ కొత్తదానిలా టక్కుమని పలికింది. కంప్యూటర్ ఆపి, లారీ తరువాత లారీ పోనిచ్చాను. అది లేవలేదు. ఆ రేవు దారిలో పోయే లారీలను అంత ప్రేమగా ఎవరూ చూసి ఉండరు. యజమానికి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో మనసులో వల్లించుకుంటూ కూర్చున్నాను.

వారు వచ్చారు. నేను లేచి నోరు తెరిచేలోగా యజమాని చెయ్యి చాపారు.

"తాళంచెవి ఇలా ఇవ్వవయ్యా. కొన్నాళ్ళు నా దగ్గరే ఉండనీ."

ఇచ్చాను. ఇచ్చిన తరువాత కారణం దొరికిందని చెప్పాను. బటన్ నొక్కి చూపించాను. తేమ, గంధం, లారీ, అన్నీ వరుసగా వివరించాను. యజమాని వంగి, బటన్‌ను తాను కూడా ఒకసారి నొక్కి చూశారు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. కాని అమ్మగారు అటు చూడలేదు. బల్లమీద ఎర్రబడ్డ దూది చూస్తున్నారు.

"బొట్టు చెరిపేశావా?"

అది వట్టి గంధమని, వట్టి కుంకుమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అలా అనుకునే ఇంట్లో నేనూ పుట్టలేదు. "పెళ్ళికి వెళుతూ చూడవలసింది ఇదా?" అని ఆవిడ తమ్ముడితో అని బయటికి వెళ్ళిపోయారు. వారి వెనకే యజమాని కూడా దిగిపోయారు.

సోమవారం కార్యాలయం యజమాని తెరిచారు. కంప్యూటర్ చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. మర్నాడూ అంతే, ఆ తరువాతా అంతే. నాకు అన్యాయం జరిగింది సరిగ్గా ఇక్కడే. దానిలో దోషం దొరికి బాగుపడిందని నాకు తెలుసు. వారికి తెలిసింది వేరు: నా చేతినుంచి తాళంచెవి తీసుకున్ననాటినుంచి అది ఆగింది. నేను చేసిన మరమ్మతే నామీద సాక్ష్యమైంది.

"చెప్పలేదూ బావగారూ, రోగం కంప్యూటర్‌ది కాదని" అన్నారు మేనేజరు, నాకు వినబడేలాగే.

ఇంటికి వెళ్ళి మా నాన్నకు అంతా చెప్పాను. ఆయన కంప్యూటర్ చూసి ఎరుగరు. ఆయన అడిగింది మాత్రం నాకు తట్టని ప్రశ్న.

"అయితే ఆ బొట్టేదో మల్లీ ఎట్టించీయరాదేటి? తాళం నీకాడ లేదు కదా. అది లేచిందంటే నువ్వు కావని తేలిపోద్ది."

మర్నాడు ఆ మాటే యజమానితో విన్నవించాను. అమ్మగారి చేతనే అదే చోట మళ్ళీ బొట్టు పెట్టించండి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి, వారం తిరక్కుండా నిజం తెలుస్తుంది అన్నాను. ఆయన జవాబు చెప్పకముందే మేనేజరు అందుకున్నారు. బాగుపడిన కంప్యూటర్‌ను మళ్ళీ చెడగొట్టుకోమంటున్నాడు, ఇదేం చదువండీ అన్నారు. యజమాని కిటికీ వైపు చూస్తూ, ఇక ఆ సంగతి వదిలేయమన్నారు.

నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. ఏడాది నిండింది, ఆర్డరు రాలేదు. అడిగితే చూద్దామన్నారు. మరికొన్నాళ్ళకు మేనేజరు బంధువు ఒకాయన పని నేర్చుకోవడానికని వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. అతనికి పని నేర్పింది నేనే. నేర్పడం పూర్తయ్యాక ఆ గదిలో రెండు కుర్చీలు ఇరుకని యజమానికి తోచింది.

ఆ తరువాత ఉక్కు కర్మాగారం దగ్గర ఒక కాంట్రాక్టరు వద్ద కూలీల హాజరు రాసే పని దొరికింది. అక్కడ పాత చోటినుంచి అనుభవపత్రం తెమ్మన్నారు. మళ్ళీ దసరా వెళ్ళి వానలు పట్టిన రోజులు. మా నాన్న ఎప్పటిలాగే వంకాయలు ఏరి సంచి నింపారు. వద్దన్నాను. ఒట్టి చేతులతో వెళితే కాగితం ఎవరిస్తారని ఆయన పట్టుబట్టారు.

కార్యాలయంలో అడుగుపెట్టగానే కేబినెట్ వైపు చూశాను. బటన్ నడిమధ్య గంధం, దానిమీద కుంకుమ, నిండుగా ఉన్నాయి. నా కుర్చీలో కూర్చున్న మేనేజరు బంధువు విసుక్కుంటూ చెప్పాడు: ఇది మళ్ళీ మొదలుపెట్టిందనీ, రోజూ ఆపి వెళితే పొద్దున్నకు వెలుగుతోందనీ, పాతదైపోయింది కనుక కొత్తది కొనడానికి యజమాని ఒప్పుకున్నారనీ. అతన్ని ఎవరూ గదిలో నిలబెట్టి అడగలేదు. తాళంచెవి రింగు అతని వేలికి వేలాడుతోంది.

యజమాని అనుభవపత్రంమీద సంతకం చేశారు. అందులో తాత్కాలిక ఉద్యోగి అనీ, నడవడి సంతృప్తికరం అనీ ఉంది. కాగితం నా చేతికిస్తూ, బయట ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించారు.

"నువ్వు కాదని నాకు ఆ శనివారమే తెలుసయ్యా. బటన్ నొక్కి చూశాను కదా."

"మరి..." అన్నాను.

"ఇంట్లో బొట్టు చెరిపాడని ఒకటే గొడవ. ఇక్కడ మా బావమరిది పోరు. నేను ఎటని చెప్పను?"

ఆ మాట మేనేజరు ఎదుట ఒక్కసారి అనమని అడిగాను. అంతకుమించి నేను ఆయన్ని ఏమీ కోరలేదు. ఇప్పుడెందుకులే అన్నారాయన. మీ నాన్నగారిని అడిగానని చెప్పమన్నారు. వంకాయల సంచి ఆయన బల్ల కింద ఉంది. నేను దణ్ణం పెట్టి మెట్లు దిగివచ్చాను.

ఇంటికి వచ్చేసరికి మా నాన్న వంగతోటకు నీళ్ళు కడుతున్నారు. కాగితం ఇచ్చారా అని అడిగారు. ఇచ్చారన్నాను. ఇంకేమన్నారని అడిగారు. ఆయన అన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. మా నాన్న పార నేలకు ఆనించి నిలబడ్డారు.

"తెలిసే సేసినాడా?"

"తెలిసే."

ఆయన మళ్ళీ వంగి మడవ తిప్పుకున్నారు. నీళ్ళు ఆ సాలు నిండి పక్క సాలులోకి మళ్ళాయి. తరువాత తల ఎత్తకుండానే అడిగారు.

"సంచేది?"

అక్కడే వదిలేశానని చెప్పాను.

"సంచైనా తెచ్చీవలసింది" అన్నారు మా నాన్న.